బిజిలీ పట్టు

హుసేన్ పీరా గారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కారు. నడుముకు కట్టుకున్న తోలు సంచిలో చెయ్యి పెట్టి, ఉడికించిన కోడి కార్జం ముక్కలు ఇంకా ఎన్ని మిగిలాయో తడుముకుని, అడిగిన మనిషి వంక కాసేపు చూసేవారు. పోలీసు కుక్కల శిక్షణ శిబిరంలో ఆయన ముప్పై ఏళ్ళుగా గురువు. నేను అక్కడి పశువైద్యుడి దగ్గర కాంపౌండరును. కుక్కలకు కట్లు కట్టడం నా ఉద్యోగం. వాటి పుణ్యమా అని మనుషులకు కట్టడం కూడా బాగానే అలవాటైంది.

ఆయన పద్ధతిలో దెబ్బ లేదు. కూర్చోమని ఏ కుక్క నడుమునూ ఆయన నొక్కలేదు. అది తనంతట తాను నడుం కాస్త వంచితే ఒక ముక్క పెట్టేవారు. తర్వాత ఇంకాస్త వంచితేనే పెట్టేవారు. మూడో రోజుకు అది చతికిలబడి ఆయన మొహంలోకి చూసేది. కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్ళు ఇది చూసి, కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవని నవ్వుకునేవారు. నెల తిరిగేసరికి ఆ నవ్వులు వాటంతటవే ఆగిపోయేవి.

ఉరుకుందు నవ్వే రకం కాదు, భయపడే రకం. ఆదోని వైపు మనిషి. నాలుగు నెలల కిందట అతని చేతికి బిజిలీ అనే ఆడకుక్కను ఇచ్చారు. చప్పుడు చెయ్యకుండా ఇంట్లోకి దూరడం, దాక్కున్నవాడి చెయ్యి పట్టుకోవడం, పోలీసులు వచ్చేదాకా వాణ్ణి కదలనివ్వకపోవడం దాని పని. పట్టడంలో దాన్ని మించిన కుక్క శిబిరంలో లేదు. వచ్చిన చిక్కల్లా వదలడంలోనే. 'లీవ్' అన్న మాట చెవిన పడనట్టే, సాధనలో దొంగ వేషం వేసినవాడు తొడుక్కునే, గోనెగుడ్డ దట్టంగా కుట్టిన చేతి తొడుగును పట్టుకుని వేలాడేది. సోమవారం పెద్ద ఆఫీసర్ల ముందు పరీక్ష. ఇంక నాలుగు రోజులే ఉందనగా ఉరుకుందుకు అన్నం సయించడం మానేసింది. ఆ రోజు పొద్దున్నే వచ్చి పీరా గారి ముందు నిలబడ్డాడు.

"పరీక్ష పోతే పోనీ సార్, బందోబస్తు డ్యూటీకి పోతా. రేపు నిజంగా దీన్ని ఏదో ఇంట్లోకి తోలినామనుకోండి. లోపల దొంగే ఉంటాడని ఏముంది? ఏ ముసిలామో పండుకోని ఉంటే? నేను లీవ్, లీవ్ అని అరుస్తాంటా, ఇది ఇడ్సదు. అప్పుడు నేనేం జేయల్ల సార్?" కుక్కను కట్టే తోలు పట్టాను చేతికి చుట్టి, మళ్ళీ విప్పాడు. "కూసోడం, పండుకోడం, వాసన పట్టడం, అన్నీ ముక్క పెట్టి నేర్పొచ్చు. నోట్లో ఉండేది ఇడ్సమని మాత్రం, దెబ్బ లేకుండా ఎట్ల నేర్పల్ల?"

పీరా గారు సంచి తడుముకున్నారు. "అది వదిలినాక నువ్వేం జేస్తావు బేటా?"

"తొడుగు లోపల పెట్టేసి, దాన్ని తీస్కపోయి షెడ్లో కట్టేస్తా సార్. వదిలిందంటే ఆట అయిపోయినట్టే గదా."

ఆయన యోహానును పిలవమన్నారు.

యోహాను దాక్కున్న దొంగ వేషం వేసే కానిస్టేబులు. తొందరలో ఆ రోజు తొడుగు పట్టీ సరిగా బిగించుకోలేదు. బిజిలీ పట్టి ఒక్క గుంజు గుంజేసరికి తొడుగు ఊడి నేల మీద పడింది. రెండో పట్టు వట్టి ముంజేతి మీద పడింది. యోహాను కేక వేశాడు. ఉరుకుందు "లీవ్! లీవ్!" అని గొంతు చించుకుంటూ పరుగెత్తాడు. అతను అరిచేకొద్దీ అది దవడ బిగించింది. అతనికి మతి పోయింది. చేతిలో ఉన్న తోలు పట్టా ఎత్తాడు.

"కొట్టినావంటే చెయ్యి ఊడొస్తాది. నోరు మూసుకో!" అన్నారు పీరా గారు. ఆయన అంత కటువుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో కుక్క కాలరు పట్టుకున్నారు. లాగలేదు, తిట్టలేదు. "కదలొద్దు బేటా" అని యోహానుతో మెల్లగా చెప్పారు. యోహాను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాడు. చివరికి దవడ సడలింది.

"శభాష్" అన్నారు పీరా గారు.

నేను సరిగ్గా విన్నానా అనుకున్నాను. ఆయన కింద పడ్డ తొడుగు తీసి తన చేతికి వేసుకుని, పట్టీ బిగించుకుని, కుక్క ముందు చాపారు. బిజిలీ ఎగిరి పట్టుకుంది. నేను యోహాను చేతి మీది నాలుగు పళ్ళగాట్లు కడుగుతున్నాను, నాకు ఒళ్ళు మండిపోయింది. ఉరుకుందు నోరు తెరిచి అడిగేశాడు.

"మనిషిని కరిచిందానికి బహుమానమా సార్?"

"కరిచినందుకు కాదు" అన్నారాయన.

ఆ తర్వాత తన చెయ్యి మొద్దులా కదలకుండా ఉంచి, "లీవ్" అన్నారు, అన్నానికి పిలిచినట్టు. అది గుర్రుమంది, గుంజింది. ఆ చెయ్యి ఆటకు రాలేదు. ఆయన ఎదురు చూశారు. ఎంతకో నోరు తెరిచింది. తెరిచిన మరుక్షణమే "తీసుకో!" అని చెయ్యి మళ్ళీ అందించారు. ఇలా రెండోసారి, మూడోసారి. ఏడోసారికి ఆయన మాట పూర్తి కాకముందే పట్టు వదిలేసి, ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను కట్టు కట్టడం ఆపి అలాగే చూస్తుండిపోయాను. "అన్నా, ముడి ఎయ్యి" అని యోహానే గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

"ఇప్పుడు నువ్వు తొడుక్కో" అన్నారు పీరా గారు ఉరుకుందుతో.

అతను పట్టీ బిగించి, లాగి చూసి, మళ్ళీ బిగించాడు. పీరా గారు కాలరు పట్టుకుని కుక్కను ముందుకు తెచ్చారు. బిజిలీ అందుకుంది. ఆ బరువుకు ఉరుకుందు తూలాడు. "లీవ్" అన్నాడు. ఆ మాట గాలిలా వచ్చింది, అంతే. కుక్క వదిలేసింది. తోక కదపకుండా నిలబడి, అతని మొహంలోకే చూస్తోంది.

"ఇవ్వు" అన్నారు పీరా గారు.

ఉరుకుందు చెయ్యి లేవలేదు. యోహాను కట్టులోంచి ఊరుతున్న ఎరుపును చూశాడు. కుక్క పళ్ళను చూశాడు. నుదుటి చెమట కంట్లోకి కారినా తుడుచుకోలేదు. కుక్క ఇంకా చూస్తూనే ఉంది.

"ఇస్తా సార్" అన్నాడు కడకు. "ఇచ్చినాక మళ్ళీ ఇడుస్తాదని నమ్మకమేంది?"

పీరా గారు కాలరు మీది నుంచి చెయ్యి తీసేశారు.

"నాలుగు నెల్ల నుంచి అది గూడా నిన్ను అదే అడుగుతాండాది, బేటా" అన్నారు.