ఏటిగట్టుపాలెం కాలేజీ వాళ్ళు ఇచ్చిన మాట

ఏటిగట్టుపాలెం కాలేజీ వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట నేననడం లేదు, వాళ్ళే అనుకునేవాళ్ళు. తెలివికి తోడు మాట మీద నిలబడటం కూడా మాకే చేతనవును అని మీసం తిప్పేవాళ్ళు. మీసం లేని సత్యవేణి మేడం కూడా ఖాళీ మూతి మీద వేలు తిప్పేది.

ఒకనాడు పైనుంచి కబురొచ్చింది. చెప్పేవాళ్ళూ చదివేవాళ్ళూ ఒక్క కుటుంబంలా ఉండాలట. ఒకరి నుంచి ఒకరు ఏం కోరుతున్నారో ముఖాముఖి చెప్పుకుని, ఆ ప్రకారం నడుచుకోవాలట. పరాంకుశం గారనే పెద్దాఫీసరు వచ్చి చూసి, బాగుందంటే కాలేజీ ఉంటుంది, లేదంటే మూసేస్తారు.

అందరికంటే ఎక్కువ బెంగ సూరీడమ్మకి. వాళ్ళ నాన్న ముందే చెప్పేశాడు. "కాలేజీ మూస్తే నిన్ను ఏరు దాటించి చదివించను. మీ పిన్ని బజ్జీల కొట్లో కూర్చోపెడతాను."

సూరీడమ్మకి బజ్జీలు తినడం ఇష్టమే గానీ వెయ్యడం ఇష్టం లేదు.

సరే, ప్రిన్సిపాలు కోదండపాణి గారు అందర్నీ కూర్చోపెట్టి కర్పూరం వెలిగించారు. మేష్టర్లు అన్నారు, "మమ్మల్ని కన్నతండ్రిలా చూడాలి. మేం క్లాసులో ఉండగా ఎవరూ లేవకూడదు." పిల్లలన్నారు, "మమ్మల్ని సొంత బిడ్డల్లా చూడాలి. సందేహం తీరేదాకా మమ్మల్ని వదిలి కదలకూడదు. మాలో ఒకరు వెనకబడితే అందరూ ఆగాలి." ప్రిన్సిపాలు గారు కూడా ఒకటి కోరారు. "గదిలో ఎవరూ లేకపోతే ఫ్యాను ఆపి తాళం వెయ్యాలి."

అందరూ కర్పూరం ఆర్పి ఒట్టు పెట్టుకున్నారు. అంతే. మర్నాటి నుంచి మొదలు.

బుచ్చెబ్బాయి మాస్టారు క్లాసులోకి అడుగు పెట్టారో లేదో, దొరబాబు ఆయన జేబులో చెయ్యి పెట్టాడు.

"ఒరే, ఏంట్రా ఇది?"

"మా నాన్న జేబులోనూ ఇలాగే పెడతానండి. అడిగి తీసుకుంటే మిమ్మల్ని నాన్నలా చూసినట్టు కాదండి."

మాస్టారి కళ్ళు చెమర్చాయి. "ఎంత మాట మీద నిలబడ్డావురా నాయనా!" అని కౌగిలించుకున్నారు. వెంటనే తన మాటా గుర్తొచ్చింది. సొంత కొడుకుని ఎలా చూస్తారో అలాగే చెవి మెలేసి, వీపు మీద ఒకటిచ్చి, "పో, గేదెని కడిగి రా" అని పంపారు. దొరబాబు మురిసిపోతూ వెళ్ళి కడిగొచ్చాడు.

సత్యవేణి మేడం సొంత బిడ్డకి ఇంకా పాలపళ్ళే. ఇంకేముంది, గడ్డాలొచ్చిన కుర్రాళ్ళందరికీ బొట్టూ కాటుకా పెట్టింది. పెరుగన్నం కలిపింది. చందమామని చూపిస్తే గానీ ముద్ద దిగదు కదా, మరి పట్టపగలు చందమామ ఏడీ? కిటికీలు మూసి కరెంటు బల్బు చూపించింది. ఒక్కొక్కణ్ణీ భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమిరింది. మూడో వాణ్ణి ఎత్తేసరికి నడుం పట్టేసింది. అయినా మానలేదు. మాటంటే మాటే.

ఆ తర్వాత బుచ్చెబ్బాయి మాస్టారు ఏదో పాఠం చెప్పి, "సందేహాలున్నాయా?" అన్నారు. నాకు లేవంటే కాలేజీ పోతుందేమోనని సూరీడమ్మ కష్టపడి ఒకటి వెతికింది.

"ఏట్లో నీళ్ళు రోజూ పోతూనే ఉన్నాయి కదండీ, ఇంకా ఎందుకు అయిపోలేదండీ?"

మాస్టారు తల గోక్కున్నారు. తెలియదు. తెలియదు కాబట్టి కదలకూడదు. ఆయన కదలలేదు కాబట్టి పిల్లలు లేవకూడదు. గంట కొట్టారు. ఎవరూ రాలేదు. భోజనాల వేళ దాటిపోయింది. కడుపులు కప్పల్లా అరిచాయి.

కోదండపాణి గారు కిటికీలోంచి తొంగి చూసి సంగతంతా విన్నారు. కాసేపు కళ్ళు మూసుకుని, చిటిక వేశారు.

"మాస్టారు వీళ్ళని వదలకూడదు. వీళ్ళు లేవకూడదు. అంతేనా? అయితే బెంచీల మీద కూర్చునే, మాస్టార్ని మధ్యలో పెట్టుకుని, ఇళ్ళకి పొండి!"

"ఆహా, అందుకే మీరు ప్రిన్సిపాలయ్యారండి!" అన్నారు పిల్లలు.

అంతే. బెంచీలకి అంటుకుపోయి, కాళ్ళతో తోసుకుంటూ, కప్పల మందలా రోడ్డెక్కారు. మా మనవరాలి ఓణీల పండక్కి ఇవే బెంచీలు అడిగితే "కాలేజీ వస్తువు గడప దాటదు" అన్నారు ఆ పెద్దమనుషులు. ఆ మాట నేను మర్చిపోలేదు, మర్చిపోను కూడా. ఇప్పుడు చూడండి, గడపేం ఖర్మ, సంత దాటాయి.

సంత దాటగానే దొరబాబు బెంచీ కాలు విరిగింది. వాడు వెనకబడ్డాడు. ఒకరు వెనకబడితే అందరూ ఆగాలి కదా! నడిరోడ్డు మీద ఆగిపోయారు. అటు కొబ్బరి బళ్ళు, ఇటు ఆటోలు. హారన్లే హారన్లు.

"జరగండర్రా!" అన్నాడు ఆటోవాడు.

"దొరబాబు జరిగితే జరుగుతాం" అంది సూరీడమ్మ.

వెనకే నడిచొస్తున్న ప్రిన్సిపాలు గారు మళ్ళీ చిటిక వేశారు. "అందరూ వెనకబడితే ఎవరూ వెనకబడినట్టు కాదు. అన్ని బెంచీల కాళ్ళూ విరగ్గొట్టండి!"

టకటకా విరగ్గొట్టారు. ఇక ముందుకీ లేదు, వెనక్కీ లేదు. రోడ్డు నిండా చతికిలబడ్డ కాలేజీ.

సరిగ్గా అప్పుడే ఏరు దాటించే పంటు దిగి, సంచీ పట్టుకుని పరాంకుశం గారు వచ్చారు. "ఏమిటర్రా ఇది?" అన్నారు. చెప్పారు. ఆయన నవ్వాపుకుని, "పైనుంచి కొత్త నీళ్ళు వస్తూనే ఉంటాయి తల్లీ, అందుకే ఏరు అయిపోదు" అన్నారు.

"తీరిందండి!" అని సూరీడమ్మ కేకేసింది. మాస్టారికి విడుదల, పిల్లలకి విడుదల. ఆఫీసర్ని ఊరేగింపుగా కాలేజీకి తీసుకెళ్ళారు. బెంచీలు లేవు, ఒక్క కుర్చీ మిగిలింది. అందులో ఆయన్ని కూర్చోపెట్టి, చేతిలో కొబ్బరిబోండాం పెట్టారు.

ఆయన మనసు కరిగింది. "మీరు అమాయకులే గానీ, ఇంత మాట మీద నిలబడేవాళ్ళని నేనెక్కడా చూడలేదు. రిపోర్టు ఇక్కడే రాసేస్తాను. నేను ఇక్కడ లేననుకుని మీ పాఠం మీరు కానివ్వండి" అన్నారు.

లేననుకోమన్నారా? ఇంకేముంది!

ప్రిన్సిపాలు గారు వచ్చి ఆయన ఒళ్ళో కూర్చున్నారు.

"ఏమయ్యా, లే!"

"కుర్చీ ఖాళీగానే ఉంది గానీ, ఎందుకో ఎగుడుదిగుడుగా ఉంది మాస్టారూ" అన్నారు కోదండపాణి గారు.

దొరబాబు బోండాం లాక్కుని తాగేశాడు. "గాలిలో వేలాడుతోందండి, పడి పగిలిపోతుందేమోనని" అన్నాడు. మేడం ఆయన భుజానికి చేతిసంచీ తగిలించింది. ఆయన అరిచారు. ఒక్కరూ తిరిగి చూస్తే ఒట్టు.

గంట కొట్టారు. అందరూ బయటికొచ్చారు. సూరీడమ్మ ఒక్కతే ఆగింది. ఆఫీసరు వచ్చే రోజే ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే ఇంకేమైనా ఉందా? బజ్జీల మూకుడు కళ్ళ ముందు కనిపించింది. గబగబా ఫ్యాను ఆపి, తలుపు లాగి, తాళం వేసేసింది.

లోపల తలుపు బాదుడు. "నేనున్నాను! తీయండి!" కాసేపటికి కిటికీలోంచి ఒక కాయితం బయటికొచ్చింది. "ఇదిగో, కాలేజీ ఉండాలని రాసి సంతకం పెట్టాను! మీకు పుణ్యముంటుంది, తలుపు తీయండి!"

ప్రిన్సిపాలు గారు చదివారు. "సంతకం ఉందే! గదిలో ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండి. నేనే చూసి తాళం వేశాను."

"ఎవరూ లేని గదిలోంచి సంతకమా? అయితే ఇది దొంగ సంతకం!"

సూరీడమ్మకి రోషం వచ్చింది. "దొంగ కాయితంతో వచ్చే చదువు నాకొద్దండి!" అని ముక్కలు ముక్కలుగా చింపి ఏట్లో కలిపేసింది.

తర్వాత అందరూ పూలదండ పట్టుకుని ఆఫీసరు కోసం రేవుకి వెళ్ళి నిలబడ్డారు. ఒక పంటు వచ్చింది. ఇంకోటి వచ్చింది. దిగినవాళ్ళందరి మొహాలూ చూశారు. దండ వాడిపోయింది.

"వస్తానన్న మనిషి ఇంకా రాలేదేంటండి?" అంది సూరీడమ్మ దిగులుగా.

కోదండపాణి గారు మీసం తిప్పారు. "ఏం చేస్తామమ్మా, మాట మీద నిలబడటం అందరికీ చేతకాదు."