నైనై పిలుపు

ఏమే పూర్ణీ, స్వెటర్ విప్పి మంచం కిందకి తోశావా? పైగా ఏదే అంటే తెలీదన్నావు. రెండ్రోజులు ఎండ కాస్తే చలి పోయినట్టేనా? ఈ నాయనమ్మ దుప్పట్లోకి రాకు. అక్కడే కూర్చుని విను. విన్నాక సిగ్గనిపిస్తే అప్పుడు వద్దువుగాని.

అనగనగా చీనా దేశంలో, కొండవాలున ఒక ఊళ్ళో సూయిన్ అనే పిల్ల ఉండేది. అమ్మా నాన్నా లేరు. నాయనమ్మే పెంచింది. వాళ్ళ భాషలో నాయనమ్మని నైనై అంటారు.

వసంతం వచ్చింది. మంచు కరిగింది, పీచ్ చెట్లు పూశాయి. అప్పుడు నైనై ఆ దేశపు వైద్యులు చెప్పే మూడు మాటలు చెప్పింది.

"కప్పలు అరిచేదాకా దూది కోటు విప్పకు, ఈ గాలి మెడ దగ్గరే లోపలికి దూరుతుంది. పులుపు తినకు, వసంతంలో కార్జానికి అసలే పొగరు, పులుపు పడితే ఇంకా రెచ్చిపోతుంది. కోపం తెచ్చుకోకు, అది పుట్టేదీ ఆ కార్జంలోనే."

ఆ కోటు నైనై తన కోటు కత్తిరించి కుట్టింది. ఇక ఆవిడకి కోటు లేదు. అందుకే గాలి తగ్గేదాకా ఇల్లు వదిలేది కాదు. గుమ్మంలో నిలబడి పిలిచేది. "సూయిన్, మెడ కప్పుకో" అంటే పొలాల అవతలికి వినపడేది.

తోటి పిల్లలు నవ్వారు. "అదిగో, బియ్యం బస్తా నడిచొస్తోంది" అన్నారు. సూయిన్‌కి తల కొట్టేసినట్టయింది. మర్నాడు కోటు విప్పి పెరట్లో గడ్డివాములో దాచేసి వెళ్ళింది.

ఆ తర్వాత పిల్లలు ఊరేసిన పుల్లకాయలు పెట్టారు. దోసెడు తినేసింది. ఒళ్ళంతా చిరచిరలాడింది.

అప్పుడే పిలుపు వినపడింది. "సూయిన్, కోటు ఉందా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. సూయిన్ ఇంటివైపు తిరిగి అరిచింది. "వేసుకునే ఉన్నాను. నీ గొంతు వింటే నా పరువు పోతోంది. ఇంక నన్ను పిలవకు."

కాసేపటికి నైనై మేకకి గడ్డి లాగబోతే కోటు చేతికి తగిలింది. పిలవొద్దంది కదా, పిలవలేదు. కోటు చంకన పెట్టుకుని, ఒంటిమీద పల్చటి చొక్కాతో గాలికి ఎదురు నడిచింది. గట్లు దాటింది, వాగు దాటింది, పిల్లల దగ్గరికి చేరింది. మనవరాలికి కోటు తొడిగి, మెడ దగ్గర ముడి వేసింది.

"ఇంట్లో మరిచిపోయి వచ్చావు, పిచ్చిమొద్దూ" అంది, అందరికీ వినపడేట్టు.

అబద్ధమాడింది సూయిన్. దాన్ని కప్పిపెట్టింది నైనై. సూయిన్ తలెత్తలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి నైనైకి జ్వరం వచ్చింది. వైద్యుడు అల్లం కషాయం పట్టించాడు. జ్వరం తగ్గింది, లేచి తిరిగింది, మేకని మేపుకుంది. గొంతు మాత్రం రాలేదు.

మళ్ళీ వసంతం వచ్చింది. సూయిన్ కప్పలు అరిచేదాకా కోటు విప్పలేదు, పులుపు ముట్టలేదు, ఎవరినీ కసరలేదు. సాయంత్రమైతే ఒక్కో గుమ్మంలోంచీ ఒక్కో పేరు పిలిచేవారు. పిల్లలు విసుక్కుంటూ ఇళ్ళకి పరిగెత్తేవారు. సూయిన్ పొలంలోనే నిలబడి చూసేది. దూరంగా తన గుమ్మంలో నైనై పెదవులు కదిపేది.

కథ పోయింది కంచికి,
మనం చేరాం ఇంటికి,
ఆ పిలుపు మాత్రం రాలేదు మళ్ళీ సూయిన్ చెవికి.