లేవనంటే లేవనన్న ఏడు పెసలు

ఒకప్పుడు పెసలు చెప్పిన మాట వినేవి. నానబోసి, నీళ్ళు వంచేసి, తడిగుడ్డలో మూటకట్టి "లేవండమ్మా" అంటే చాలు. మర్నాటికి ఒక్కటి మిగలకుండా అన్నీ తెల్లటి తోకలు బయటపెట్టి లేచి కూచునేవి. దోసెడు పోస్తే దోసెడూ మొలకలే. ఏరే పని లేదు. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకోవచ్చు.

ఆ మంచికాలం పోవడానికి కారణం ఒకే ఒక్క మనిషి. ఆమె పేరు ఉరుకుందమ్మ. ఎవరి ముత్తవ్వో అని చెప్పి తప్పించుకుందామని నేను చాలాసార్లు అనుకున్నాను. కానీ అన్నం ఉడక్కముందే పదిసార్లు మూత తీసి చూసే మనిషినని నా సంగతి ఊరంతటికీ తెలుసు. ఇంక దాచి ఏం లాభం? ఆమె మా ముత్తవ్వకు ముత్తవ్వ.

ఊరి విత్తనాల పెసలన్నీ మా ఇంట్లోనే ఉండేవి. పెద్ద నల్లటి బాన. మూతి మీద మూకుడు, మూకుడు చుట్టూ పేడ మెత్తి ఉండేది. మా ఇంట్లోనే ఎందుకంటే, ఊళ్ళో వానకు కారని కప్పు మాదొక్కటే. ఆ కప్పు వేసింది ఉరుకుందమ్మ మామ. ఉరుకుందమ్మ మాత్రం "నా మీద నమ్మకంతోనే పెట్టినారు" అని బావి దగ్గర చెప్పుకునేది. ఒకరు చేసిన పని మనదని చెప్పుకోవడం మా వంశంలో అప్పుడే మొదలైంది. ఇప్పటికీ బాగానే సాగుతోంది.

ఆ యేడు మృగశిర కార్తె వచ్చింది, వాన రాలేదు. ఆరుద్ర వచ్చింది, వాన రాలేదు. చేలు పగుళ్ళిచ్చాయి. జనం మబ్బు కోసం చూసి చూసి మెడలు నొప్పి పుట్టించుకున్నారు.

ఒక మధ్యాహ్నం పడమటి నుంచి ఒక మబ్బు వచ్చింది. చిన్నది, బొద్దుగా ఉంది. మా ఊరి మీదికి రాగానే టపటపా నాలుగు చినుకులు రాల్చింది.

"వానొచ్చింది! వానొచ్చింది!" అని ఉరుకుందమ్మ ఎగిరింది.

మేకల్ని తోలుకురావడానికి బయల్దేరుతున్న అత్త బసమ్మ గడప దగ్గర ఆగింది. "నిలువే కోడలా. ఇంకా మట్టి వాసన కూడా సరిగ్గా రాలేదు. నేల జానెడు తడవనీ, అప్పుడు చూద్దాం."

"జానెడు తడిసేదాకా కూచుంటే మనకూ అందరితో పాటే పంట అత్తా! ఇప్పుడే మొలకలెత్తించి చల్లినామనుకో, పది రోజులు ముందే కాయలు!"

"విత్తనం తొందరపెడితే వచ్చేది కాదే. బాన జోలికి పోవద్దు."

"పోనులే అత్తా," అంది ఉరుకుందమ్మ. బసమ్మ సందు మలుపు తిరిగేదాకా మాట నిలబెట్టుకుంది కూడా.

తర్వాత బాన మూకుడు ఊడదీసింది. ఇంట్లో ఉన్న గంగాళాలన్నీ తెచ్చి, ఊరి విత్తనమంతా, ఒక్క గింజ మిగల్చకుండా నానబోసింది. పెసలు నీళ్ళు తాగి ఉబ్బాయి. "వానొచ్చిందా?" అని అడిగాయి.

"వచ్చిందమ్మా, లేవండి, లేవండి!" అంటూ ఆమె పంచెలూ చీరలూ తడిపి మూటలు కట్టింది. బసమ్మ మేకలతో తిరిగొచ్చేసరికి ఇంటి దూలం నిండా మూటలు వేలాడుతున్నాయి. అది చూసి బసమ్మ గోడకు చేరగిలబడి అట్లాగే నేల మీద కూచుండిపోయింది.

ఉరుకుందమ్మ మాత్రం మూట విప్పడం, చూడటం, కట్టడం, మళ్ళీ విప్పడం.

"అబ్బా, గాలి తగుల్తోంది, మూసెయ్ తల్లీ!" అని పెసలు మొత్తుకున్నాయి.

ఒక మూటలో, అడుగున, ఏడు గింజలు ఇంకా ఉబ్బలేదు. ఉరుకుందమ్మ వేలు పెట్టి పొడిచింది. "మీకేమొచ్చింది? లేవండి." కాసేపటికి మళ్ళీ పొడిచింది. నాలుగోసారి పొడిచేసరికి, ఆ ఏడింటిలో అన్నిటికన్నా చిన్న గింజకు ఒళ్ళు మండింది.

"వేలు తియ్ తల్లీ, కంట్లో గుచ్చుకుంటోంది!" అంది. "వానొస్తే చప్పుడు వినబడాలి గదా? నాకు నీ గొంతు తప్ప ఏమీ వినబడటం లేదే!"

మిగతా పెసలు పకపకా నవ్వాయి. "పెద్దమ్మ పిలిస్తే లేవాలి గానీ, ఎదురు ప్రశ్నలా?" అని వాటి పనిలో అవి పడ్డాయి. చిన్న గింజ మాత్రం పొట్టు బిగించుకుంది. చుక్క నీరు లోపలికి పోకుండా గట్టిగా మూసుకుంది. పక్కనున్న ఆరూ దాన్ని చూసి అలాగే చేశాయి.

మర్నాడు పొద్దున మూటలన్నీ పగిలేలా ఉన్నాయి. ఎటు చూసినా తెల్లటి తోకలే. ఉరుకుందమ్మ సంతోషంగా నిన్న పొడిచిన మూట అడుగు నుంచే ఒక గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. కటుక్కుమంది! దవడ పట్టుకుని ఉమ్మితే ఆ ఏడూ బయటపడ్డాయి.

"గింజలా ఇవి? రాళ్ళు!" అని వాటిని ఖాళీ బానలోకి విసిరికొట్టి, మొలకలు చల్లడానికి చేటతో బయటికి పరుగెత్తింది.

ఆకాశం తుడిచిపెట్టినట్టుంది. నిన్నటి మబ్బు కొండ అంచున, దాటిపోవడానికి సిద్ధంగా ఉంది.

"ఓ మబ్బూ! యాడికి పోతున్నావు? వానేదీ?"

"వానా? వస్తానని నేను ఎవరికి చెప్పినాను?" అంది మబ్బు. "దారిన పోతూ నాలుగు చినుకులు కారినాయి, అంతే. నిజం వాన వెనకెక్కడో ఉంది. నా కోసమా నువ్వింత హడావుడి చేసింది?" అని జాలిగా చూసి కొండ దాటిపోయింది.

ఉరుకుందమ్మ ఇంట్లోకి వచ్చి తలుపేసుకుంది. ఒక మొలకను పట్టుకుని దాని తోకను మళ్ళీ పొట్టులోకి తోయడం మొదలుపెట్టింది. ఒకటి తోసింది, విరిగింది. ఇంకొకటి తోసింది, విరిగింది. నిజంగానే చేసింది పిల్లలూ, నేనేమీ కల్పించి చెప్పడం లేదు. మా వాళ్ళలో బాగా తెలివైన మనిషి ఆమే మరి.

"మానెయ్ తల్లీ," అన్నాయి మొలకలు మెల్లగా. "లేచినాక మళ్ళీ పడుకోవడం మాకు రాదు. ఎండిన నేలలో వేస్తే పొద్దు గుంకేలోగా చస్తాం. మమ్మల్ని తినేయండి. ఎవరి ఆకలైనా తీరుతుంది."

వేరే దారి లేదు. ఊరంతా మా వాకిట్లో కూచుంది. బసమ్మ ఉప్పు, పచ్చిమామిడి తురుము కలిపి మోదుగాకుల్లో వడ్డించింది. మూడు రోజులు తిన్నారు. కరకరలాడుతూ, తియ్యగా, కమ్మగా ఉన్నాయి. ఒక్కరు కూడా ఉరుకుందమ్మను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బుడ్డప్ప తాత ఆకు మడుస్తూ, "రుచిగా ఉన్నాయి తల్లీ" అని, కండువాతో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటకు ఆమె ఆ రోజంతా మంచినీళ్ళు కూడా తాగలేకపోయింది.

సరిగ్గా పది రోజులకు వాన వచ్చింది. నిజం వాన. ఉరుముతూ, మెరుస్తూ, నేల జానెడు కాదు, మూరెడు తడిసేలా కురిసింది. ఊళ్ళో వాళ్ళు గడపల్లో నిలబడి ఊరికే చూశారు. చల్లడానికి ఎవరి చేతిలోనూ ఏమీ లేదు.

ఉరుకుందమ్మ బానను కావలించుకుని ఏడ్చింది. బాన కదిలింది. లోపల గలగలమని చప్పుడైంది.

ఆమె చెయ్యి పెట్టి తడిమింది. ఏడు గింజలు.

"నా బంగారు తల్లుల్లారా!" అని అరిచింది. "వానొచ్చింది, లేవండి!"

"ఈ మాట మొన్న కూడా విన్నాం," అంది చిన్న గింజ.

"తప్పయింది. మీ కాళ్ళు పట్టుకుంటా. మీరు లేవకపోతే ఊరికి విత్తనం లేదు."

"మాకు కాళ్ళెక్కడివి? ఇంకా మొలకే రాలేదు గదా! విను. మమ్మల్ని మట్టిలో పెట్టు. పిలవద్దు. పొడవద్దు. తవ్వి చూడొద్దు. వాన నిజమో కాదో మేమే చూసుకుని, మాకు బుద్ధి పుట్టినప్పుడు లేస్తాం. నువ్వు ఊరికే కూచోవాలి. చేతనవుతుందా?"

కొండ ఎత్తమన్నా ఉరుకుందమ్మ సరేననేది. ఊరికే కూచోవడం! అయినా తల ఊపింది.

పెరట్లో ఏడు గింజలు పెట్టి, రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని పక్కనే కూచుంది. మొదటి రోజు ఏమీ లేదు. మూడో రోజు ఏమీ లేదు. ఐదో రోజు, "అత్తా, ఒక్కసారి, గోటితో కొంచెం మట్టి..." అంది.

"కూచో," అంది బసమ్మ. తనూ వచ్చి పక్కన కూచుని కోడలి చెయ్యి పట్టుకుంది. చెయ్యి పట్టుకుంది ప్రేమతోనే గానీ, పట్టు మాత్రం గట్టిగానే ఉంది.

ఎనిమిదో రోజు నాలుగు లేచాయి. మూడు లేవలేదు. ఉరుకుందమ్మ నోరు తెరిచింది, బసమ్మ మొహం చూసి మూసింది.

ఆ తర్వాత వాన ఆగిపోయింది. ఇరవై రోజులు ఎండ కాసింది. ఉరుకుందమ్మ కుండలతో నీళ్ళు మోసింది, బావి అడుగంటింది. ఆమె కళ్ళ ముందే నాలుగు మొక్కలూ వాడి, ఎండి, రాలిపోయాయి.

"అయిపోయింది అత్తా," అని ఆమె మట్టిలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. "నేను తిన్నది ఊరి నోటి కూడు."

"ఇంకా మూడున్నాయే," అంది బసమ్మ.

ఇరవై ఒకటో రోజు రెండో వాన వచ్చింది. అప్పుడు, ఎవరూ పిలవకుండా, ఎవరూ పొడవకుండా, ఆ మూడు గింజలు లేచాయి. వాటిలో చిన్నదీ ఉంది. తల పైకెత్తి, "ఇది వాన," అంది.

మూడు మొక్కలు గుత్తులు గుత్తులుగా కాశాయి. మొదటి యేడు దోసెడు గింజలు. రెండో యేడు చేటెడు. నాలుగో యేడు బాన నిండింది. అన్నాళ్ళూ మా ఊళ్ళో ఎవరూ ఒక్క పెసరగింజ నోట్లో వేసుకోలేదు, కొర్రలూ ఆకుకూరలూ తిని బతికారు.

బాన నిండిన రోజున బసమ్మ స్వయంగా ఒక గుప్పెడు తీసి కోడలికి ఇచ్చింది. "నానబొయ్యి. అందరికీ తలా నాలుగు పెడదాం."

మర్నాడు ఉరుకుందమ్మ మూట విప్పింది. ఒక్కసారే విప్పింది. మొలకల మధ్య నాలుగు గింజలు ముడుచుకుని, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"మీరు లేవరా?" అంది.

"అందరం లేస్తే విత్తనానికి ఎవరుంటారు?" అన్నాయి అవి. "మీరెంత మంచిగా పిలిచినా, గుప్పెడుకు నలుగురం పడుకునే ఉంటాం. మీరు రాళ్ళంటారు, పారేస్తారు. పారెయ్యండి, ఫరవాలేదు."

ఉరుకుందమ్మ వాటిని ఏరి, పెరటి అంచున మెల్లగా వదిలిపెట్టి వచ్చింది.

అప్పటినుంచే, ఎంత మంచి పెసలు తెచ్చి, ఎన్ని నీళ్ళలో ఎంతసేపు నానబెట్టినా, గుప్పెడుకు నాలుగు గింజలు గులకరాళ్ళలా అలాగే ఉండిపోతాయి. మనం విసుక్కుని ఏరి పారేస్తాం. అవి పడిన చోటే పడుకుని, ఎవరూ చూడని రోజున, మంచి వాన చూసుకుని లేస్తాయి.