సొంత పనా, కోట పనా?

పొన్నగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే రాజు మకుటవర్మ. ఆయనకి ఒకటే పిచ్చి. రాజ్యంలో ఉన్నదంతా తనదేనని పదిమందీ అనాలి. చివరికి పుట్టే పిల్లలు కూడా. ఎవరింట కాన్పయినా తండ్రి వచ్చి కోటగుమ్మంలో కబురు చెప్పాలి. నగారా మోగుతుంది. "మహారాజావారికి బిడ్డ కలిగాడహో!" అని చాటింపు. లోపల రాజుగారు మీసం దువ్వుకుంటారు.

ఆ రాజుకి తగ్గ మంత్రి పేరిశాస్త్రి. ఆయన కొత్త సుంకం పెట్టాడు. కొలువు చేసేవాళ్ళు కోట ఇచ్చిన వస్తువుని కోట పనికే వాడాలి. సొంతానికి వాడుకుంటే అదీ జీతం కిందే లెక్క, సుంకం కట్టాలి. ఈటె మీద పంచె ఆరేసుకున్న కావలివాడు కట్టాడు. కోట గొడుగులో పెళ్ళాన్ని నడిపించుకెళ్ళిన గుమాస్తా సగం గొడుగుకి కట్టాడు.

చివరికి వలలో పడింది మంత్రసాని గౌరాంబ. అంతఃపురం నుంచి కబురొస్తే క్షణంలో వాలాలని కోట ఆమెకొక గుర్రం ఇచ్చింది. ఏటికవతల కూతురు తాయారుకి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని తెలిసింది. గౌరాంబ ఆలోచించలేదు. గుర్రమెక్కింది. ఏరు దాటింది. తల్లీ బిడ్డా దక్కారు. ఆమె చేతులు ఇంకా కడుక్కోనే లేదు, భటులొచ్చి సభకి పట్టుకెళ్ళారు.

"కోట గుర్రమెక్కి కూతురి పురిటికి వెళ్ళావా, లేదా?" అన్నాడు పేరిశాస్త్రి.

"వెళ్ళాను, మంత్రిగారూ."

"కూతురు నీది, పనీ నీదే. ఏడాది జీతం సుంకం కింద కట్టు. లేదా గుర్రాన్ని అప్పజెప్పి కొలువు వదులు."

గౌరాంబది మగదిక్కు లేని ఇల్లు. జీతం లేకపోతే పొయ్యి వెలగదు. అంతలో, తను వచ్చేటప్పుడు కోటగుమ్మంలో కనబడ్డ అల్లుడు గుర్తొచ్చాడు.

"కడతాను ప్రభూ. తీర్పుకి ముందు ఒక్క మనవి. మా అల్లుడు కబురు చెప్పడానికి వచ్చి వాకిట్లో ఉన్నాడు. ముందు నగారా మోగనివ్వండి. శుభం ఆగకూడదు."

రాజు పొంగిపోయాడు. "మోగించండి!"

ధణధణలాడింది నగారా. "మహారాజావారికి మగబిడ్డ కలిగాడహో!"

సభంతా జేజేలు! రాజు మీసం మెలేశాడు. "విన్నావా పేరిశాస్త్రీ, మాకు ఇంకో కొడుకు!"

"నిజంగా మీ కొడుకేనా ప్రభూ?" అంది గౌరాంబ.

"సందేహమా? పొన్నగిరిలో పుట్టినవాడెవడైనా మా బిడ్డే!"

"అయితే నేను వెళ్ళింది మహారాజుగారి బిడ్డకి పురుడు పోయడానికే గదా! చెప్పండి మంత్రిగారూ, ఇది సొంత పనా, కోట పనా?"

పేరిశాస్త్రి నసిగాడు. "అది... ఆ చాటింపు ఏదో మాటవరసకి..."

"మాటవరసకా? అలాగైతే సుంకం కట్టేస్తాను. మళ్ళీ చాటింపు వేయించండి, ఈ ఒక్క పిల్లాడు మాత్రం మహారాజుగారి వాడు కాదని!"

రాజు మంత్రిని చూశాడు. గౌరాంబని చూశాడు. ఫక్కుమని నవ్వాడు.

"మమ్మల్నే ఇరికించావే గౌరాంబా! నీకు సుంకం లేదు. గుర్రం కూడా ఇక నీదే. మా కొడుక్కి వెండి ఉయ్యాల! పేరిశాస్త్రీ, నువ్వే స్వయంగా ఇచ్చిరా."

పేరిశాస్త్రి నీళ్ళు నమిలాడు. "ఏటికవతలకి నడవలేను ప్రభూ. కోట గుర్రం ఇప్పిస్తే..."

"ఎక్కండి బాబూ, ఎక్కండి!" అంది గౌరాంబ. "ఉయ్యాల తీసుకుపోవడం కోట పనే. తిరిగొచ్చేది మాత్రం వట్టి చేతులతో, మీ ఇంటికేగా? ఆ దారి ఏ పనో మీరే తేల్చుకోండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలో హారం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం ఏటిగట్టున జనం ఒక వింత చూశారట. ఉయ్యాల ఇచ్చి తిరిగొస్తూ ముందు మంత్రిగారు, చెమటలు కక్కుతూ, కళ్ళెం పట్టుకుని నడుస్తున్నారు. వెనకాల ఖాళీ గుర్రం.

మర్నాడు ఆ సుంకం ఎత్తేయమని రాజుగారి కాళ్ళ మీద పడింది ఆయనే.