ప్రూఫు చూసిన మనిషి

మధ్యాహ్నం మూడు దాటింది. మబ్బు కమ్మింది గాని వాన లేదు. ఒకటే ఉక్క.

మా యామినికి విలేకరి కావాలని కోరిక. జర్నలిజం కాలేజీకి వెళ్లేలోపు చెయ్యి తిరగాలని ఖాసిం మాస్టారి దగ్గర చేరింది. ఆయన పేపరాఫీసులో వార్తలు దిద్ది దిద్ది రిటైరయ్యారు. ఇప్పుడు తన వరండాలో పిల్లలకు బ్లాగు రాయడం నేర్పుతారు. ఫీజు తీసుకోరు. అందుకే నాకు ఆయన మీద ఓ కన్ను ఉంది. పిల్లను ఒక్కదాన్నే పంపను. నేనూ వెళ్లి మెట్ల మీద కూర్చుంటాను.

వరండాకు ఎదురుగా రోడ్డవతల, మా చిన్నాడు కిట్టు చదివే బడి. ఆ గోడ పక్కన వారం నుంచీ ఓ కొత్త మనిషి నిలబడుతున్నాడు. బడి వదిలే వేళకు వస్తాడు. బయటికొచ్చే పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూస్తాడు. ఎవరితోనూ మాట్లాడడు. కనుబొమ్మ మీద కుట్లు. చంకలో సంచి.

పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారని ఊరంతా అనుకుంటున్న రోజులవి.

యామిని అతని గురించి రాసింది. మేడ మీంచి తీసిన ఫొటో జత చేసింది. సాయంత్రం బ్లాగులో పెడతానని పొద్దున్నే అందరికీ చెప్పేసింది. టీకొట్టు దగ్గర కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ కాచుకుని ఉన్నారు. ఇద్దరి చేతుల్లో కర్రలు.

"ఎలా ఉంది సార్? ఒక్క ముక్క కల్పించలేదు. అన్నీ కళ్లారా చూసినవే," అంది యామిని. గర్వం దాగడం లేదు.

మాస్టారు కళ్లజోడు పైకి నెట్టుకుని, దాని ఫోన్లో చివరిదాకా చదివారు.

"బాగా రాశావమ్మాయ్. ప్రూఫు ఎవరు చూశారు?"

"బ్లాగుకి ప్రూఫేంటి సార్! పేపరాఫీసులో అయితే మీలాంటివాళ్లు మూల కూర్చుని గీతలు గీస్తారు. ఇక్కడ రాసేదీ నేనే, దిద్దేదీ నేనే, వేసేదీ నేనే."

"అదృష్టవంతురాలివి. నామీద నలుగురు అరిచేవాళ్లు."

మాస్టారు ఫోను తిరిగివ్వలేదు. చెప్పులేసుకుని రోడ్డు దాటారు. తిన్నగా ఆ మనిషి దగ్గరికే.

నేను మెట్ల మీంచి లేచాను. "ఏమే, వీళ్లిద్దరూ ఒకటేనా?"

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో," అంది గాని, అదీ నా పక్కకి జరిగింది.

అతన్ని వెంటబెట్టుకుని వచ్చారు. నేను యామినిని వెనక్కి లాక్కున్నాను. మాస్టారు అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చారు.

"మీ గురించే రాసింది మా అమ్మాయి. తప్పులుంటే చెప్పండి."

అతను వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, మెల్లగా చదివాడు. యామిని నేల చూస్తోంది.

"తప్పుల్లేవమ్మా," అన్నాడు. "నిలబడేది నిజమే. పిల్లల్ని చూసేదీ నిజమే. నా పేరొక్కటీ లేదు. ఏసోబు. మాది కంభం దగ్గర."

"మరి... ఆ కుట్లు?"

"ఒక ఊళ్లో కొట్టారు. బడిపిల్లలకి ఫొటో చూపించి, వీణ్ణి చూశారా అని అడిగాను. పిల్లల్ని పట్టుకుపోయేవాడన్నారు. అప్పట్నుంచి ఎవర్నీ అడగను. చూస్తానంతే."

సంచిలోంచి ఫొటో తీశాడు. తొమ్మిదేళ్ల పిల్లాడు.

"మావాడు. ఇమ్మానుయేలు. వేసవిలో సంతలో తప్పిపోయాడు. ఇటువైపు లారీ ఎక్కాడని ఎవరో చెప్పారు."

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఫొటో ఎవరి సంచిలోనైనా ఉంటుంది. యామిని కూడా మాస్టారి వైపు తిరిగింది.

"సార్, ఇదంతా నిజమేనంటారా?"

"నమ్మమని నేననలేదమ్మాయ్." ఫోను దాని చేతిలో పెట్టారు. "అడుగు."

వాళ్ల ఊరి పోలీస్ స్టేషన్ నంబరు ఏసోబే చెప్పాడు. యామిని ఆ నంబరు నొక్కలేదు. తనే వెతికి ఆ స్టేషన్‌దే ఇంకో నంబరు పట్టుకుంది. మాస్టారు చిన్నగా తలాడించారు.

పిల్లాడి పేరు అడిగింది. ఫిర్యాదు ఎవరిచ్చారో అడిగింది. గుర్తులు అడిగింది. అవతలివాళ్లు చెబుతుంటే, ఫొటోలో పిల్లాడి గడ్డం కింద మచ్చ మీద వేలు పెట్టి, అలాగే ఉండిపోయింది.

ఫోను పెట్టేసి, "మచ్చ కూడా చెప్పారు సార్," అంది.

బడిగంట కొట్టారు. ఏసోబు లేచాడు. యామిని అతని చేతిలోంచి ఫొటో తీసుకుని, తనూ రోడ్డు దాటింది. టీకొట్టు కుర్రాళ్లు గబగబా వచ్చి చుట్టూ మూగారు. నేను పరుగెత్తాను.

"ఏంటక్కా, ఇంకా పెట్టలేదేం? వీడేనా?" అన్నాడొకడు.

"ఈయన పేరు ఏసోబు," అంది యామిని. ఫొటో వాళ్ల మొహాల ముందు పెట్టింది. "ఈ బాబుని ఎక్కడైనా చూశారా?"

కర్ర పట్టుకున్నవాడు ఫొటో చూశాడు. ఏసోబు కుట్లు చూశాడు. కర్ర గోడకి ఆనించేశాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. మాస్టారు ఖాళీ కుర్చీ పక్కనే నిలబడి ఉన్నారు.

పొద్దుగూకింది. యామిని వచ్చింది. కిట్టు వచ్చాడు. వాళ్ల నాన్న వచ్చారు. గడప దగ్గర నిలబడి మావాళ్లని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఇమ్మానుయేలు రాలేదు.