వడ్లలో ఓనమాలు

వెనకటికి కొలనుపాడు రాజ్యాన్ని రంగభూపతి అనే రాజు ఏలుతుండేవాడు. 'సకలవిద్యాపోషక' అని తనకు తానే ఒక బిరుదు తగిలించుకున్నాడు. రోజూ ఎవరో ఒకరు ఆ బిరుదు పెట్టి పిలవకపోతే ఆయనకు తోచేది కాదు.

ఆ కొలువులో విస్సన్న అనే చమత్కారి ఉండేవాడు. సభనంతా నవ్వించేవాడే గాని, ఇంటికి పోతే ఆయన ముఖాన నవ్వుండేది కాదు. కొడుకు అన్నప్ప చిన్నప్పుడే తర్కంలో దిట్ట. వాణ్ణి కాశీ పంపి చదివించాలని తండ్రి ఆశ. తీరా బయలుదేరే వేళకు చేతిలో చిల్లిగవ్వ లేదు. రాజుగారిని అడిగితే, ఏనుగు అంబారీకి బంగారు తాపడం చేయిస్తున్నాం, పైయేడు చూద్దామన్నారు. పైయేడూ అదే మాట. చివరికి అన్నప్ప కోట ధాన్యపు కొట్లలో కొలతగాడిగా కుదిరాడు.

రాజును తిట్టుకుని ఏం లాభం? కొడుకు అక్షరాభ్యాసం నాడు వచ్చిన కట్నాలన్నీ విందుకూ మేళాలకూ తగలేసింది తనే. అది తలుచుకున్నప్పుడల్లా విస్సన్నకు ముద్ద దిగేది కాదు.

కొన్నేళ్ళకు రాజుగారి మనవడికి అక్షరాభ్యాసం వచ్చింది. ఏర్పాట్లు విస్సన్నకు అప్పగించారు. ముహూర్తానికి పళ్ళెం మీది పట్టుగుడ్డ తీస్తే, బియ్యానికి బదులు వడ్లున్నాయి. వేలు పెట్టగానే మొనలు గుచ్చుకుని పిల్లవాడు కెవ్వుమన్నాడు.

రాజు మండిపడ్డాడు. "బియ్యానికీ వడ్లకూ తేడా తెలియదటయ్యా నీకు? సరైన జవాబు చెప్పకపోతే రేపటినుంచి కొలువుకు రానక్కర్లేదు."

విస్సన్న చేతులు కట్టుకున్నాడు. "ఆలస్యంగా తెలిసింది ప్రభూ. మావాడు బియ్యంలో దిద్దాడు. ఆ పూటే వండుకు తినేశాం. వడ్లయితే చల్లుకునేవాళ్ళం. పండినదాంట్లో కొంత తీసి మళ్ళీ చల్లుతూ పోతే, వాడితోపాటు వాడి చదువుకు కావలసిన సొమ్మూ ఎదిగేది."

సభ గొల్లుమంది. రాజూ పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ మనవడి వంక చూసి ఆగిపోయాడు. అంబారీ పుణ్యమా అని ఖజానా అడుగంటిన సంగతి ఆయనకూ తెలుసు.

"బాగానే చురక అంటించావయ్యా. ఏం కావాలో కోరుకో," అన్నాడు.

విస్సన్న ఏటిపక్క మాగాణి అడిగాడు. ఆ ఏడు ఓనమాలు దిద్దే ఊరిపిల్లలందరి పేరా అందులో పంట వేయాలనీ, పెద్దచదువులకు తప్ప దాన్ని ఎవరూ ముట్టకూడదనీ కోరాడు. రాజు సరేనని, తన మెడలోని హారం తీసి ఆయన మెడలో వేశాడు. ఇప్పుడైనా కొడుకును కాశీ పంపమన్నాడు.

"వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. చదివిందంతా మరిచిపోయానన్నాడు. అదును దాటాక చల్లితే మొలవదు ప్రభూ," అన్నాడు విస్సన్న.

విత్తనాలు చల్లే రోజున, పళ్ళెంలోని వడ్లకు కోట విత్తనాలు కలిపి కొలవడానికి ఆ మాగాణి దగ్గరికి అన్నప్పే వచ్చాడు. కొలతగాళ్ళు ఒకటి అనరు కదా, లాభం అంటారు. కాశీ పండితసభల్లో మోగవలసిన గొంతు కుంచం ఎత్తి లెక్క అందుకుంది.

"లాభం... రెండు... మూడు..."

గట్టు మీద నిలబడ్డ విస్సన్న ఆ మొదటి మాటకే కండువా కళ్ళకు అద్దుకున్నాడు.