ఖాసిం తుడుపు గుడ్డ

ఖాసింకి విసుగు పుట్టింది. కుంట మీద, కలువల మీద, అన్నిటికన్నా ఎక్కువగా తన మీద.

గడియారాల పీరు దగ్గర శిష్యుడిగా చేరి అతనికి ఆరేళ్లు. దర్గా ఊడవడం, నీళ్లు తోడటం, పక్కనున్న కుంటలో కలువలు కోసుకొచ్చి సమాధి మీద పెట్టడం అతని పనులు. చేరిన ఏడాదే ఉరుసుకి వచ్చిన ఒక పెద్దమనిషి కలువ కాడ పట్టుకుని, వేళ్లకి జిగురు అంటిందని మొహం చిట్లించాడు. అంతే, ఖాసిం మర్నాటి నుంచీ నడుంలోతు నీళ్లలో దిగి, చెయ్యి అందినంత మేర కాడల్నీ ఆకుల అడుగుల్నీ గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. వద్దని పీరూ అనలేదు.

వానలకి కొత్త కాడలు నున్నగా లేస్తాయి. చలి తగిలేసరికి వాటి మీద గోధుమరంగు పొర కడుతుంది. ఎండలు ముదిరితే పచ్చటి నూగు. తుడిచిన వారానికి మళ్లీ మొదలు. పాకుడుకి సిగ్గూ లేదు, సెలవూ లేదు.

ఖాసిం మనసూ అంతే. అతని భార్య మాబున్ని చలికాలంలోనే పోయింది, పెళ్లయిన మూడో ఏడు, జ్వరం వచ్చి. ఆమెని మరిచిపోతే తప్ప దేవుడి పేరు తన నోట నిలవదని అతనికతనే తీర్మానించుకున్నాడు. జపంతో తుడిచేవాడు, ఉపవాసంతో తుడిచేవాడు. వానాకాలమంతా బాగానే గడిచేది. చలి మొదలైతే చాలు, ఆమె నవ్వు, ఆమె దగ్గు, ఆమె చేతి జొన్నరొట్టె అన్నీ వచ్చి కూర్చునేవి.

ఆ ఏడూ వచ్చాయి. ఒక పొద్దున ఖాసిం కుంటలోంచి లేచి, తడిబట్టలతోనే పీరు ముందు కూలబడ్డాడు.

"బాబా, ఇంక నా వల్ల కాదు. పోతాను, సెలవియ్యండి."

"ఎక్కడికిరా?"

"ఎక్కడికో ఒకచోటికి, కూలికి. ఆరేళ్లు తుడిచా. మనసు శుభ్రం కాలేదు. ఇంకా ఇక్కడ కూచుని మీ అన్నం తినడం దండగ."

పీరు అతని చేతిలోని తుడుపు గుడ్డ వైపు చూశాడు. ఎనభై ఏళ్ల మనిషి, ఆ చలికి ఆయనకీ ఓపిక లేదు. పీరు కాకముందు బజార్లో గడియారాలు బాగుచేసేవాడు. కంటికి ఆనించుకునే ఆ చిన్న భూతద్దం ఇప్పటికీ ఆయన జేబులోనే ఉంటుంది.

"ఆ గుడ్డ ఇటివ్వు."

"పాకుడు బాబా. మురికి."

"ఇవ్వరా అంటే!"

పీరు గుడ్డ మడత విప్పాడు. జిగురున్న చోట ఎండ పడేలా పట్టుకుని, భూతద్దం తీసి ఖాసిం చేతిలో పెట్టాడు.

ఖాసిం కన్ను ఆనించాడు. ముందు బురదే కనిపించింది. కాసేపటికి ఆ బురద కదిలింది. వెంట్రుక కన్నా సన్నటి కాడల చివర చుక్కలు ముడుచుకుంటున్నాయి, మళ్లీ విచ్చుకుంటున్నాయి. దారప్పోగు లాంటిదొకటి మెలికలు తిరుగుతోంది. నూకలో సగం లేని పురుగొకటి ఎగిరెగిరి పడుతోంది. గుడ్డంతా కాపురాలే.

"ఇవి బతికున్నాయి బాబా!"

"ఊఁ. రోజూ తుడిచాక ఈ గుడ్డ ఏం చేస్తావు?"

ఖాసిం భూతద్దం దించి కుంట గట్టు వైపు చూశాడు.

"బండ మీద ఆరేస్తా. ఎండలో."

పీరు భూతద్దం వెనక్కి తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు.

"గుడ్డ తడి ఆరకముందే లే."

ఖాసిం లేచాడు. కుంటలో దిగి, గుడ్డని నీళ్లలో ముంచి మెల్లగా జాడించాడు. కాసేపటికి లోతు వైపు నుంచి నాలుగు చిన్న పరిగెలు వచ్చి, గుడ్డ చుట్టూ మూగి, అతని వేళ్లని కూడా పొడిచి చూశాయి. ఆరేళ్లుగా తను తుడిచిన వైపు ఒక్క చేప కూడా రాలేదని అతనికి అప్పుడు తట్టింది. ఆ నీళ్లలోనే నిలబడి చాలాసేపు ఏడ్చాడు.

పొద్దెక్కాక తిరిగొచ్చి గడప దగ్గర ఆగాడు.

"బాబా, మాబున్ని పరిగెల పులుసులో పచ్చి చింతకాయ దంచి వేసేది."

పీరు చాప మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఇంకేం వేసేది?" అన్నాడు.